ఒకే పేరు, రెండు బాప్తిస్మాలు: 1851 జనగణనలోని మనిషి వీరిలో ఎవరు?

ప్రశ్న

నమస్కారం. మా అమ్మాయి ఇంగ్లండ్ దేశస్థుణ్ణి వివాహమాడింది. నా మనవరాలికి తల్లి వైపు ఏడు తరాల పేర్లు నేను నోటితో చెప్పగలను గాని, తండ్రి వైపు తాతగారి తరం దాటితే ఆ ఇంటిలో ఎవరికీ ఏమీ తెలియదు. ఆ లోటు తీర్చాలన్న కోరికతో, మా వియ్యంకులవారి అనుమతితో, గత రెండేళ్లుగా వారి వంశాన్ని జనగణన పత్రాలలోనూ చర్చి రిజిస్టర్లలోనూ వెదుకుతున్నాను. ఇప్పుడు ఒకచోట గట్టిగా చిక్కుకున్నాను.

1921 జనగణనలో మా వియ్యంకుని తండ్రి ఆరేళ్ల పిల్లవాడుగా కనిపించారు. అక్కడి నుండి పదేళ్లకొకటి చొప్పున వెనక్కి నడుస్తూ, ప్రతి మెట్టు దగ్గర జనన, వివాహ ధృవపత్రాలు తెప్పించుకుని సరిచూసుకుంటూ 1851 వరకు వచ్చాను. అప్పటికి వియ్యంకుని ముత్తాతగారు రెండేళ్ల బిడ్డ. ఆయన తండ్రి నార్ఫోక్ కౌంటీలో వ్యవసాయ కూలీ. నా చిక్కంతా ఈ తండ్రితోనే.

1851లో ఆయన వయస్సు 38, పుట్టిన చోటు ఒక పల్లె; సౌకర్యం కోసం దానిని మొదటి ఊరు అంటాను. 1861లో వయస్సు 48 అని సరిగానే ఉన్నది గాని, పుట్టిన చోటు మాత్రం పక్కనే ఉన్న రెండవ ఊరు అని రాశారు. 1841లో వయస్సు 25 అని మాత్రమే ఉన్నది. ఆయన వివాహం 1836 అక్టోబరులో వేరొక పారిష్‌లో, అంటే వేరొక చర్చి పరిధిలోని పెండ్లికూతురి ఊరిలో జరిగింది. ఆ రిజిస్టరులో వధూవరుల తండ్రుల పేర్లు లేవు. ఆయన సంతకానికి బదులు గీత పెట్టారు.

ఇక బాప్తిస్మాల సంగతి. అదే పేరు, అదే ఇంటిపేరు గల ఇద్దరు మగపిల్లలు దొరికారు. ఒకరికి 1812 జూన్‌లో మొదటి ఊరిలోనూ, మరొకరికి 1813 ఫిబ్రవరిలో రెండవ ఊరిలోనూ బాప్తిస్మం జరిగింది. లెక్క కడితే ఇద్దరి వయస్సూ సరిపోతున్నది. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఒక వంశవృక్షంలో మొదటి ఊరి పిల్లవాడినే ఈయనగా చూపించి, ఆ పైన మరో మూడు తరాలు కట్టుకుంటూ పోయారు. ఆధారమేమిటో అందులో చెప్పలేదు. నేనూ దానిని అంగీకరించి ముందుకు సాగవచ్చునా? తప్పు మనిషిని నా మనవరాలికి తాతగా చూపించడం నాకు ఇష్టం లేదు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. మీరు ఆగిపోయిన చోటు చాలామంది ఆగవలసిన చోటే, గాని ఎక్కువమంది ఆగరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వ జనన మరణ వివాహ నమోదు 1837 జూలై 1న మొదలైంది. ఆ తరువాత జరిగిన వివాహమైతే వధూవరుల తండ్రుల పేర్లూ వృత్తులూ పత్రంలో ఉండేవి. తల్లుల పేర్లు చేర్చడం 2021 మేలో గాని మొదలు కాలేదు. మీ వారు తొమ్మిది నెలలు ముందు పెండ్లి చేసుకున్నారు. ఆయన మరణ పత్రం తెప్పించినా లాభం ఉండదు, ఎందుకంటే స్కాట్లండ్ మరణ పత్రాలలో 1855 నుండి తల్లిదండ్రుల పేర్లు రాశారు గాని ఇంగ్లండ్ పత్రాలలో ఆ పద్ధతి లేదు.

ముందు వయస్సుల సంగతి చూద్దాం. 1841 జనగణనలో పదిహేనేళ్లు దాటినవారి వయస్సును అయిదు సంవత్సరాల మెట్టుకు కిందికి దించి రాయమని ఆదేశం, కాబట్టి 25 అంటే 25 నుండి 29 వరకు ఏదైనా కావచ్చు. అప్పుడు పుట్టిన ఊరు అడగలేదు, ఆ కౌంటీలోనే పుట్టారా కాదా అని మాత్రమే అడిగారు. 1851 జనగణన మార్చి 30 రాత్రిని లెక్కకు తీసుకున్నది. ఆ రాత్రికి 38 నిండి 39 రానివారు 1812 మార్చి చివర నుండి 1813 మార్చి చివరలోగా పుట్టి ఉండాలి. 1861లో ఆ రాత్రి ఏప్రిల్ 7. మీ ఇద్దరు పిల్లలూ ఈ రెండు లెక్కలలోనూ ఇముడుతున్నారు, కాబట్టి వయస్సు మీకు తీర్పు చెప్పలేదు. చెప్పిన వయస్సే ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయ్యే అవకాశం ఎప్పుడూ ఉన్నది.

పుట్టిన ఊరి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. 1841 నుండి 1901 వరకు మనం చూస్తున్నది ఆ ఇంటివారు నింపిన కాగితం కాదు. ఇంటింటికీ ఇచ్చిన కాగితాన్ని గణకుడు తిరిగి తీసుకుని, చదువు రానివారైతే తానే అడిగి నింపి, ఆ పైన తన పుస్తకంలోకి ఎత్తి రాశాడు. మనకు మిగిలింది ఆ పుస్తకమే. ఇంటివారి స్వహస్తంతో ఉన్న కాగితాలు 1911 నుండి మాత్రమే దొరుకుతాయి. కాబట్టి ఆ రోజు తలుపు దగ్గర నిలబడి జవాబు చెప్పింది ఆయనా, ఆయన భార్యా, పొరుగువారా అన్నది తెలియదు. పెరిగిన ఊరినే పుట్టిన ఊరుగా చెప్పుకునేవారూ ఉన్నారు. 1871 జనగణనలో ఆయన ఉంటే అది మూడవ సాక్ష్యమవుతుంది, తప్పక చూడండి.

అసలు పని వేరే ఉన్నది. ఇద్దరిలో ఎవరు బాగున్నారా అని ఎంచుకోవడం మానేసి, ఇద్దరినీ వారి వారి జీవితాల చివరిదాకా వెంబడించండి. మొదట భూస్థాపన రిజిస్టర్లు చూడండి. 1812 చట్టం ప్రకారం 1813 జనవరి 1 నుండి అచ్చు ఫారాలు వచ్చాయి. అప్పటి నుండి భూస్థాపన నమోదులో పేరు, నివాసం, తేదీ, వయస్సు ఉంటాయి. ఆ కాలంలో పసితనంలోనే పోయిన పిల్లలు ఎందరో. ఇద్దరిలో ఒకరు చిన్నతనంలోనే పోయి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇద్దరూ పెరిగి పెద్దవారై ఉంటే 1851లో ఆ పేరుతో రెండవ మనిషి ఎక్కడో ఒకచోట కనబడాలి. ఆయన ఏ ఊరిలో పుట్టానని చెప్పుకున్నాడో చూడండి.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మీ చేతిలో ఇప్పటికే ఉన్న ఒక కాగితం గురించి చెప్పాలనుకుంటున్నాను. 1836 వివాహ నమోదులో తండ్రుల పేర్లు లేవని మీరు దానిని పక్కన పెట్టినట్లున్నారు. అందులో సాక్షులున్నారు కదా! 1754 మార్చి 25 నుండి అమలులోకి వచ్చిన వివాహ చట్టం వల్ల యూదులు, క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవారు) తప్ప అందరూ ఇంగ్లండ్ అధికార చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలోనే పెండ్లి చేసుకోవలసి వచ్చింది, ప్రతి నమోదుకూ వధూవరులతో పాటు సాక్షుల సంతకాలో గీతలో అవసరమయ్యాయి. సాక్షులలో ఒకరు ప్రతి పెండ్లిలోనూ కనబడుతుంటే ఆయన చర్చి ఉద్యోగి అయి ఉంటాడు, ఆయనను వదిలేయండి. రెండవవారు చాలాసార్లు తోబుట్టువో దగ్గరి బంధువో అవుతారు. ఆ పేరును రెండు ఊళ్ల బాప్తిస్మాలలోనూ వెదకండి.

ఇక్కడ ఇంకొక మార్గమున్నది, నాకు ఇది అన్నిటికంటె ప్రియమైనది. మీ పెద్దాయన 1836లో పెండ్లి చేసుకున్నారు గాని, ఆయన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆలస్యంగా పెండ్లాడిన అక్కలూ 1837 జూలై తరువాత చేసుకుని ఉండవచ్చు. వారి వివాహ పత్రాలలో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. మన మనిషి గురించి మౌనంగా ఉన్న కాగితాలు ఆయన తోబుట్టువుల గురించి మాట్లాడతాయి. అందుచేత రెండు ఊళ్లలోనూ ఆ ఇంటిపేరు గల పిల్లలందరి బాప్తిస్మాలనూ సుమారు 1800 నుండి 1830 వరకు రాసుకుని, రెండు కుటుంబాలుగా విడగొట్టండి. ఈ పని విసుగు పుట్టించేదే, గాని దీనికి అడ్డదారి లేదు.

నార్ఫోక్ కావడం మీ అదృష్టం. ఒక బిషప్ పరిధిని డయాసిస్ అంటారు; నార్విచ్ డయాసిస్‌లోని చాలా రిజిస్టర్లలో 18వ శతాబ్దం చివరి నుండి 1812 వరకు జరిగిన బాప్తిస్మాలకు తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాశారు. 1813 అచ్చు ఫారం వచ్చాక ఆ వివరానికి గడి లేకపోయింది, దాని బదులు తండ్రి వృత్తి, నివాసం వచ్చి చేరాయి. కాబట్టి 1812 పిల్లవాడికి తల్లి పుట్టింటి పేరు ఉండవచ్చు, 1813 పిల్లవాడికి ఉండదు. కానీ అతడికి 1812 లోపు పుట్టిన అక్కో అన్నో ఉంటే ఆ నమోదులో దొరుకుతుంది.

ఇంటర్నెట్ సూచికలో కనబడినదానితో ఆగకండి, అసలు పేజీ బొమ్మనే చూడండి. సూచిక తయారుచేసినవారు అంచులలోని రాతలను, కొట్టివేతలను, పక్కన చిన్నగా రాసిన "అదే రోజున మరో ముగ్గురు పిల్లలకు" వంటి మాటలను ఎత్తి రాయరు. రిజిస్టరు చెదలు పట్టినా, పేజీ చిరిగినా బిషప్ ప్రతులు అడగండి. 1598 నుండి ప్రతి పారిష్ తన రిజిస్టరు నకలును ఏటా బిషప్ కార్యాలయానికి పంపాలన్న నియమం ఉండేది. అసలూ నకలూ రెండూ ఉన్నచోట రెండూ చూడాలి, ఎందుకంటే ఒకదానిలో లేని మాట ఇంకొకదానిలో ఉండటం నేను చాలాసార్లు చూశాను.

మూడవ సమాధానం

మీ ముందు ఇద్దరే ఉన్నారనుకోవడం కూడా తొందరపాటే అవుతుందేమో ఆలోచించండి. మూడవ పిల్లవాడికి ఆంగ్లికన్ రిజిస్టరులో బాప్తిస్మమే జరగకపోయి ఉండవచ్చు. బాప్తిస్ట్, స్వతంత్ర సంఘాలవారు తమ ప్రార్థనా మందిరాలలో వేరే రిజిస్టర్లు ఉంచుకునేవారు. ప్రభుత్వ నమోదు మొదలైన తరుణంలో వాటిలో చాలావరకు ప్రభుత్వం సేకరించింది, అవి ఇప్పుడు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 4 అనే వరుసలో ఉన్నాయి. పెండ్లి మాత్రం వారూ ఆంగ్లికన్ చర్చిలోనే చేసుకోవలసి వచ్చింది గనుక, 1836 వివాహం చర్చిలో జరిగినంత మాత్రాన ఆయన ఆ సంఘంలో పుట్టారని చెప్పలేము. అలాగే బాప్తిస్మం జరిగిన తేదీ పుట్టిన తేదీ కాదు. 1812లో పుట్టిన బిడ్డకు 1820లో, తోబుట్టువులందరితో కలిపి ఒకే రోజున బాప్తిస్మం జరిపించిన సందర్భాలూ ఉన్నాయి.

ఆయన వ్యవసాయ కూలీ అన్నారు. అలాంటి పేదవారి జీవితాలు చర్చి రిజిస్టరుకంటె పేదల సహాయానికి సంబంధించిన కాగితాలలో ఎక్కువగా దొరుకుతాయి. 1662 చట్టం ప్రకారం ప్రతి మనిషికీ ఏదో ఒక పారిష్‌లో స్థిరనివాస హక్కు ఉండేది, కష్టం వచ్చినప్పుడు సహాయం ఆ పారిష్ చేయవలసి వచ్చేది. బిడ్డకు ఈ హక్కు తండ్రి నుండి వచ్చేది. పెండ్లికాని మనిషి ఒక పూర్తి సంవత్సరం కూలికి కుదిరి పనిచేస్తే కొత్త ఊరిలో వచ్చేది. సహాయం అడిగినవాణ్ణి న్యాయాధికారుల ముందు కూర్చోబెట్టి ఎక్కడ పుట్టావు, నీ తండ్రి ఎవరు, ఎవరి దగ్గర పనిచేశావు అని అడిగి రాసిన కాగితాలు చాలా పారిష్‌లకు మిగిలాయి. మీ పెద్దాయన పేరు అందులో ఉంటే ఒక్క పేజీలో మీ ప్రశ్న తీరిపోతుంది. నార్విచ్‌లోని కౌంటీ రికార్డు కార్యాలయం సూచికలో రెండు ఊళ్ల పేర్లతోనూ వెదకండి. దొరకకపోతే నిరుత్సాహపడకండి, సహాయం అడగవలసిన అవసరం రానివారికి ఆ కాగితం పుట్టనే పుట్టదు.

ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మూడు వారాలు కూర్చుని మీరు చెప్పిన పనులు ఒక్కొక్కటిగా చేశాను.

మొదటి ఊరి భూస్థాపన రిజిస్టరులో, 1815 మార్చిలో, అదే పేరు గల బాలుడు, వయస్సు 2, నివాసం ఆ ఊరే అని కనిపించింది. చదివి కొంతసేపు అలాగే ఉండిపోయాను. ఇంటర్నెట్‌లోని ఆ వంశవృక్షంలో ఈ బిడ్డకు పెండ్లి చేసి, పిల్లలను కలిగించి, అరవై ఏళ్లకు పైగా బ్రతికించారు. ఆ ఇంటిలో మరుసటి సంవత్సరమే పుట్టిన ఇంకొక కొడుకుకు మళ్లీ అదే పేరు పెట్టారు.

రెండవ ఊరిలో ఆ ఇంటిపేరుతో ఒకే కుటుంబం ఉన్నది. 1813 ఫిబ్రవరి నమోదులో తండ్రి కూలీ అని ఉన్నది. వారికి 1810లో ఒక కూతురు పుట్టింది, ఆ నమోదులో తల్లి పుట్టింటి పేరు స్పష్టంగా ఉన్నది. మా పెద్దాయన 1836 వివాహానికి రెండవ సాక్షి పేరు సరిగ్గా ఆ కూతురి పేరే, అదే ఇంటిపేరుతో. ఇక ఆ కూతురి వివాహం 1839లో జరిగింది. పత్రంలో తండ్రి పేరు, కూలీ అన్న వృత్తి రెండూ 1813 నమోదుతో సరిపోయాయి. సాక్షులుగా గీతలు పెట్టినవారు మా పెద్దాయన పేరు గల మనిషి, ఆయన భార్య పేరు గల స్త్రీ. 1871 జనగణనలో కూడా ఆయన పుట్టిన చోటు రెండవ ఊరు అనే ఉన్నది. 1851లో మొదటి ఊరు అని ఎందుకు రాశారో మాత్రం తెలియలేదు. అప్పుడు వారు మొదటి ఊరిలోనే కాపురం ఉన్నారు, ఆ పేజీలో పైన ఉన్న కుటుంబాలన్నిటికీ గణకుడు అదే ఊరు రాసుకుంటూ వచ్చాడు.

ఇది చాలునా? ఇంకేమైనా లోపం ఉన్నదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

అక్కా తమ్ముళ్లు ఒకరి పెండ్లికి ఒకరు సాక్షులుగా నిలిచారు, పైగా తమ్ముడు భార్యతో సహా నిలిచాడు. నా దృష్టిలో ఇది బలమైన ఆధారం. ఒక్కొక్క కాగితం విడిగా ఏదీ నిరూపించదు గాని, ఒకదానినొకటి ఎరుగని నాలుగు కాగితాలు ఒకే ఇంటిని చూపిస్తున్నాయి.

అయినా రెండు కంతలు పూడ్చండి. మొదటిది, భూస్థాపన నమోదులో తండ్రి పేరు ఉండదు. 1815లో పోయిన ఆ బిడ్డ 1812లో బాప్తిస్మం పొందిన బిడ్డేనని చెప్పాలంటే, మొదటి ఊరిలో ఆ ఇంటిపేరు గల కుటుంబం మరొకటి లేదని చూపాలి. వెంటనే పుట్టిన కొడుకుకు అదే పేరు పెట్టడం మీ మాటకు బలమిస్తున్నది, ఎందుకంటే పోయిన బిడ్డ పేరును తరువాతి బిడ్డకు పెట్టడం అప్పటి ఇళ్లలో వాడుక. ఆ రెండవ కొడుకు మీ మనిషి కాలేడు, 1851కి అతడికి 34, 35 ఉంటాయి. అతణ్ణి జనగణనలో విడిగా పట్టుకుని చూపించగలిగితే మంచిది. రెండవది, చుట్టుపక్కల పారిష్‌లలో కూడా ఆ పేరుతో ఇంకెవరూ లేరని చూడండి. మొదటి రెండు ఊళ్లతో ఆపకుండా, ఆయన నడిచి పనికి వెళ్లగల దూరంలో ఉన్న ప్రతి పారిష్ రిజిస్టరునూ తిరగేసి, చూసినవాటి పేర్లు, ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు చూశారో రాసి ఉంచుకోండి. దొరకలేదన్న సంగతిని కూడా రాసుకోవాలి.

ఆ వంశవృక్షం పెట్టినవారికి 1815 నమోదు బొమ్మను పంపి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. దానిని చూసి ఇంకెందరు తమ వృక్షాలలోకి ఎత్తుకున్నారో మనకు తెలియదు.

ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం

ఈ రోజే ఉత్తరం రాశాను. మొదటి ఊరి రెండవ కొడుకు 1851లో పొరుగు కౌంటీ సఫోక్‌లో భార్యాపిల్లలతో కనిపించాడు. అతడి వివాహ పత్రంలోని తండ్రి పేరు మొదటి ఊరి కుటుంబానిదే. రెండవ ఊరి తండ్రి 1851లో భార్య పోయి కూతురి ఇంటిలో ఉన్నారు, వయస్సు 67. అంటే మా మనవరాలికి ఇంకొక తాత దొరికినట్లే. ఇప్పుడు ఆయన బాప్తిస్మం కోసం వెదకాలి.

రెండవ సమాధానం ఇచ్చినవారు

చాలా సంతోషమండీ. 67 అంటే ఆయన 1783 లేదా 1784 తొలి నెలల్లో పుట్టి ఉంటారు. ఆ సంవత్సరాలలో ఒక విశేషమున్నది, వెదికే ముందు తెలిసి ఉండాలి. 1783 అక్టోబరు 1 నుండి రిజిస్టరులో రాసే ప్రతి బాప్తిస్మానికీ, వివాహానికీ, భూస్థాపనకూ మూడు పెన్నీల పన్ను పెట్టారు. అది 1794లో గాని పోలేదు. పన్ను మొదలయ్యే ముందు సెప్టెంబరులో బిడ్డలను గుంపులుగా తీసుకువచ్చినవారున్నారు, పన్ను పోయేదాకా ఆగి పదేళ్ల పిల్లలకు బాప్తిస్మం ఇప్పించినవారూ ఉన్నారు. నిరుపేదలకు మినహాయింపు ఉండేది, అలాంటి నమోదు పక్కన పి అనే అక్షరం రాసేవారు. కాబట్టి 1783, 1784 పేజీలతో ఆగిపోకుండా 1794 నుండి ఒక రెండు మూడేళ్ల వరకు చూడండి, పేరు పక్కన పి ఉన్నదేమో గమనించండి. ఆయన 1851లో పుట్టిన ఊరుగా చెప్పినది రెండవ ఊరేనా? కాకపోతే ముందు ఆ ఊరి రిజిస్టరు 1783 సెప్టెంబరు పేజీ తెరిచి, అక్కడ ఏమి దొరికిందో ఇక్కడ రాయండి.